పెన్షన్ వస్తున్నా పెద్దవయసులో ఇబ్బంది ఎందుకు?

పెద్దవయసులో పెన్షన్ ఉంటే చాలదా అని అడుగుతుంటారు, ఉంటే మంచిదే కానీ అది ఏటా పెరగనిదైతే దాని విలువ కరిగిపోతూనే ఉంటుంది. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగాయనుకోండి, దాదాపు 12 ఏళ్లకి అదే డబ్బుకి సగం సరుకే వస్తుంది, అంటే 60కి రిటైరైన మనిషికి 72 వచ్చేసరికి, సరిగ్గా మందుల ఖర్చు, తోడు మనిషి అవసరం పెరిగే టైంకి. ఆడవాళ్లకి ఇంకా కష్టం, సగటున ఎక్కువ కాలం బతుకుతారు కానీ ఇంటిపని, పిల్లల వల్ల ఉద్యోగం చేసిన ఏళ్లు తక్కువ కాబట్టి చాలామందికి సొంత పెన్షనూ తక్కువే.

ఒంటరితనం వేరే సమస్య అంటారు గానీ నాకైతే రెండూ ఒకటే అనిపిస్తుంది, చేతిలో డబ్బు ఆడకపోతే ముందు మానేసేది నలుగురిలోకి వెళ్లడమే. పైగా బ్యాంకు పనులు యాప్‌లోకి మారాక ఓటీపీకి కూడా ఇంకొకర్ని అడగాలి, అది చిన్నతనంగా ఉంటుంది, బయటికి చెప్పరంతే.