విమ్ ఎడిటర్‌లో వరుసలు తిన్నగానే కనిపిస్తున్నా పైథాన్ ట్యాబ్ ఎర్రర్ ఎందుకు చూపుతుంది? సెట్టింగులు ఎలా మార్చుకోవాలి?

పంక్తుల మొదట్లో కొన్నిచోట్ల ట్యాబ్‌లు, కొన్నిచోట్ల స్పేస్‌లు కలిసిపోవడమే దీనికి కారణం. విమ్ మామూలుగా ఒక ట్యాబ్‌ను 8 స్పేస్‌ల వెడల్పున చూపిస్తుంది కాబట్టి రెండింటికీ తేడా కంటికి ఆనదు. పైథాన్ 3 మాత్రం ట్యాబ్ వెడల్పును బట్టి అర్థం మారిపోయే చోట ప్రోగ్రామును నడపడానికే నిరాకరిస్తుంది, అది మన మేలుకే.

ముందుగా కోలన్ కొట్టి ‘సెట్ లిస్ట్’ అని ఇవ్వండి. ట్యాబ్ ఉన్న ప్రతిచోటా టోపీ గుర్తు, దాని పక్కనే ‘ఐ’ అక్షరం కనిపిస్తాయి కనుక తప్పు ఏ పంక్తిలో ఉందో వెంటనే తెలుస్తుంది.

తరువాత హోమ్ ఫోల్డరులో, చుక్కతో మొదలయ్యే విమ్‌ఆర్‌సీ అనే సెట్టింగుల ఫైలులో ఎక్స్‌పాండ్‌ట్యాబ్‌ను (ట్యాబ్ కీ నొక్కితే స్పేస్‌లు పడేలా చేసేది) సెట్ చేసి, షిఫ్ట్‌విడ్త్‌కూ (ఒక్కో ఇండెంట్ మెట్టు వెడల్పు) సాఫ్ట్‌ట్యాబ్‌స్టాప్‌కూ (ట్యాబ్ కీ ఒకసారి నొక్కితే పడే స్పేస్‌ల సంఖ్య) 4 ఇవ్వండి. పైథాన్ శైలి నియమావళి పెప్ 8 సూచించే కొలత కూడా అదే. ‘ఫైల్‌టైప్ ప్లగిన్ ఇండెంట్ ఆన్’ అన్న పంక్తిని మాత్రం తప్పక చేర్చమని నా సలహా. ప్రోగ్రామును బిల్డ్ చేసే సూచనలుండే మేక్‌ఫైల్‌లో ఆదేశాల ముందు అసలైన ట్యాబే ఉండాలి; ఈ పంక్తి ఉంటే విమ్ ఫైలు రకాన్ని గుర్తించి అక్కడ ట్యాబ్‌ను ట్యాబ్‌గానే ఉంచుతుంది.

ఈ మార్పులు కొత్తగా టైపు చేసేవాటికే వర్తిస్తాయి. పాత ఫైలును సరిచేయాలంటే, దాన్ని రాసినవారు ట్యాబ్‌ను ఎన్ని స్పేస్‌లుగా భావించారో గమనించి, ట్యాబ్ వెడల్పును నిర్ణయించే ట్యాబ్‌స్టాప్‌కు ఆ విలువ ఇచ్చిన తరువాతే, ట్యాబ్‌లను స్పేస్‌లుగా మార్చే ‘రీట్యాబ్’ ఆదేశం ఇవ్వండి. విలువ తప్పితే వరుసలు మరో మెట్టులోకి జరిగి, ప్రోగ్రాము అర్థమే మారిపోవచ్చు.