విధులు గుర్తుచేసి హక్కులు లాక్కోవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో రెండో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో తాగునీరు సరిగా రావడం లేదని వార్డెన్‌కు ఎన్నిసార్లు చెప్పినా ఫలితం లేకపోయింది. అందుకే దాదాపు అరవై మందిమి ఒక పూట కళాశాల మెట్ల మీద బైఠాయించాం. లేచి వెళ్లేటప్పుడు జరిగిన తోపులాటలో ఆఫీసు కిటికీ అద్దం పగిలింది. మరునాడే నాతోపాటు మరో నలుగురిని నెల రోజులు సస్పెండ్ చేశారు. మా మాట ఎవరూ వినలేదు. ‘హింసకు పాల్పడ్డాను, క్షమించండి’ అని టైపు చేసిన కాగితం మీద సంతకం పెడితే వెంటనే రానిస్తామంటున్నారు. విద్యార్థులకు విధులే తప్ప హక్కులు ఉండవని ప్రిన్సిపాల్ అన్నారు. అది నిజమేనా?
– ఒక విద్యార్థిని

జవాబు: నిజం కాదమ్మా. ముందుగా ఒక మాట. మీరు చేయని పనిని చేసినట్లు రాసిన కాగితం మీద సంతకం పెట్టకండి. రేపు పోలీసు కేసు దాకా వెళ్తే మీకు వ్యతిరేకంగా మొదట బయటకు తీసేది ఆ కాగితాన్నే. క్లాసులు పోతున్నాయన్న ఆత్రంలో చాలామంది పిల్లలు ఇక్కడే తొందరపడతారు.

ప్రాథమిక విధులు మన రాజ్యాంగంలో మొదటి నుంచీ లేవు. 1976లో 42వ సవరణతో 51ఎ అధికరణం వచ్చింది. అప్పుడు చేర్చిన విధులు పది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రులు చదువు చెప్పించాలన్న పదకొండోది 2002లో చేరింది. ఆ అధికరణం ‘ప్రతి పౌరుడి విధి’ అంటుందే తప్ప విద్యార్థులను వేరు చేసి ఎక్కడా చెప్పదు. కాబట్టి అది మీకు ఎంత వర్తిస్తుందో ప్రిన్సిపాల్‌కూ అంతే వర్తిస్తుంది. పైగా విధిని పాటించని వారి ప్రాథమిక హక్కులు రద్దవుతాయని అందులో ఒక్క ముక్క కూడా లేదు.

ఇక హక్కుల సంగతి. ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కును 19వ అధికరణం ఇచ్చింది. దానికి సహేతుకమైన పరిమితులు ఉండవచ్చనీ అదే చెప్పింది. క్లాసులు జరిగే సమయంలో ఎక్కడ కూర్చోవచ్చు, మైకు వాడవచ్చా లేదా అన్న నియమాలు కళాశాల పెట్టుకోవచ్చు. మీరు మెట్లకు అడ్డంగా కూర్చుని చదువుకునే వారిని లోపలికి పోనివ్వకపోతే ఆ మేరకు తప్పు మీదే. ఈ విషయంలో మిమ్మల్ని మీరు నిజాయితీగా ప్రశ్నించుకోండి.

బడి గేటు దగ్గర రాజ్యాంగం ఆగిపోదని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది. కేరళలో ఒకే ఇంటి పిల్లలు ముగ్గురు ప్రార్థన సమయంలో జాతీయ గీతానికి గౌరవంగా లేచి నిలబడేవారు, కానీ తమ మత విశ్వాసం కారణంగా పాడేవారు కాదు. పాఠశాల వారిని పంపించివేసింది. గీతాన్ని గౌరవించడం 51ఎలో చెప్పిన మొదటి విధే. అయినా నిలబడటంలోనే గౌరవం ఉందని, పాడనంత మాత్రాన పంపించివేయడం వారి భావప్రకటన స్వేచ్ఛకు, మత స్వేచ్ఛకు భంగమని చెప్పి కోర్టు వారిని తిరిగి చేర్చుకోమంది. బిజో ఇమ్మాన్యుయేల్ కేసుగా న్యాయవాదులందరికీ తెలిసిన తీర్పు ఇది. విధి పేరు చెప్పి హక్కును తీసేసుకోబోతే ఏమవుతుందో అడిగిన ప్రతివారికీ నేను దీన్నే చెబుతాను.

మీ సస్పెన్షన్ విషయానికి వస్తే, విచారణ పూర్తయ్యే వరకు తాత్కాలికంగా దూరంగా ఉంచడం వేరు, శిక్షగా నెల రోజులు బయట పెట్టడం వేరు. మొదటిది కొన్ని సందర్భాల్లో ముందస్తు నోటీసు లేకుండానే జరగవచ్చు. రెండోదానికి మీ మీద ఆరోపణ ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి, సంజాయిషీ అడగాలి, అది చదివాకే నిర్ణయం తీసుకోవాలి. సహజ న్యాయ సూత్రాలంటే ఇవే. మీకు ఇచ్చిన ఉత్తర్వును మరోసారి చదవండి. ‘క్రమశిక్షణా రాహిత్యం’ అన్న ఒక్క మాట తప్ప ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో అందులో లేకపోతే ఆ ఉత్తర్వు చాలా బలహీనమైనది.

అద్దం మాట దాటవేయకండి. అది ప్రజల డబ్బుతో బిగించినది. ప్రజల ఆస్తిని కాపాడటం, హింసను విడనాడటం 51ఎలో ఉన్న విధే. అదొక్కటే అయితే దాని కింద నేరుగా శిక్ష ఉండదు. కానీ ప్రభుత్వ ఆస్తిని కావాలని ధ్వంసం చేస్తే 1984 నాటి చట్టం కింద అయిదేళ్ల వరకు జైలు పడవచ్చు. మీ సంఘటనలో ‘కావాలని’ అన్నదే కీలకం. తోపులాటలో పొరపాటున పగిలితే అది ఆ నేరం కిందికి రాదు. అయినా అద్దం ఖరీదు అందరం కలిసి చెల్లిస్తామని మీరే ముందుగా రాసివ్వండి. పొరపాటున పగిలిందనీ, ఎవరూ నేరం ఒప్పుకోవడం లేదనీ అందులోనే స్పష్టంగా పేర్కొనండి. ఆ రోజు ఫోనులో తీసిన వీడియోలు ఉంటే, మీకు ఇబ్బందిగా అనిపించినవి సైతం చెరిపేయవద్దు.

తర్వాత చేయాల్సింది ఫిర్యాదు. 2023లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఫిర్యాదు అందిన పదిహేను పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలన్నది నియమం. దాని నిర్ణయం నచ్చకపోతే పదిహేను రోజుల్లో విశ్వవిద్యాలయ అంబుడ్స్‌పర్సన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు విని తేల్చే అధికారికి, అప్పీలు చేసుకోవచ్చు. తాగునీటి సమస్యను, సస్పెన్షన్‌ను కలిపేయకుండా వేర్వేరు అర్జీలుగా ఇవ్వండి. ప్రతి అర్జీకి నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోండి.

అక్కడా న్యాయం జరగకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేయవచ్చు. మీది ప్రభుత్వ కళాశాల కాబట్టి ప్రాథమిక హక్కులు నేరుగా వర్తిస్తాయి. లాయరు ఫీజు గురించి దిగులు పడకండి. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోను చేయండి.

సస్పెన్షన్ రోజులను హాజరు లెక్కలో మీకు వ్యతిరేకంగా తీసుకోవద్దని, పరీక్షకు అనుమతించాలని సస్పెన్షన్ మీద ఇచ్చే అర్జీలోనే కోరండి. పరీక్ష ఫీజు గడువు ఈ నెలలోనే ఉంటే అర్జీ ఇవ్వడానికి రేపటి దాకా ఆగకండి.