57 కిలోలకు దిగుతానంటున్న బిడ్డకు

బిడ్డా,

ఆదివారం పొద్దున మీ నాయన ఫోన్ చేశాడు. ఢిల్లీ వెళ్ళి అక్కడే ఉండి కుస్తీ నేర్చుకుంటానని పట్టుబట్టావట, టికెట్ కూడా తీశావట. ఫోన్ పెట్టేసి నేను చేసిన మొదటి పని, అద్దం ముందుకెళ్ళి నా చెవులు చూసుకోవడం. కుస్తీలో నలిగి ముడుచుకుపోయిన ఈ చెవులు చూసి బస్సెక్కే పిల్లలు ఎంతమంది భయపడ్డారో లెక్కలేదు. మన ఇంట్లో ఇంకో జత తయారవుతుందన్నమాట అనుకున్నా. మీ పెద్దమ్మకు తెలియకుండా దాచాను గానీ, మధ్యాహ్నం దాకా ఛాతీ కిందికి దిగలేదు.

సాయంత్రం మళ్ళీ చేసి ఇంకో మాట చెప్పాడు. నువ్వు ఇప్పుడు 62 కిలోలున్నావట, 57 కిలోల విభాగంలో ఆడతావట. ఆ మాటకి చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టేశా. ఈ ఉత్తరం దాని గురించే. ఫోన్లో చెబితే "సరే పెద్దనాయనా" అని కట్ చేస్తావు. కాగితమైతే కనీసం రైల్లో తోచక చదువుతావు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ప్రాక్టీసు అయిన వెంటనే సబ్బుతో స్నానం చెయ్యి, ఎవడి తువ్వాలూ వాడకు, మ్యాట్ మీద అంటుకున్న తామర ఓ పట్టాన పోదు. గోళ్ళు ఎప్పటికప్పుడు తీసుకో. డిగ్రీ దూరవిద్యలోనైనా కట్టు. నీ హైదరాబాదీ హిందీకి అక్కడి పిల్లలు నవ్వుతారు, నవ్వనీ. ఎవడో డబ్బాలోంచి చెంచాతో తీసిచ్చే పొడి మాత్రం నోట్లో వేసుకోకు. 2016లో నర్సింగ్ యాదవ్ రియో ఒలింపిక్స్ దాకా వెళ్ళి, బరిలోకి దిగకముందే డోపింగ్ నిషేధంతో వెనక్కి వచ్చాడు. నా తిండిలో ఎవరో కలిపారన్నాడు. అయినా నాలుగేళ్ళు పడింది.

రూల్ బుక్ చదువు. ఇది చిన్న విషయం కాదు. 1952లో హెల్సింకీలో ఖాశాబా జాదవ్ కాంస్యం తెచ్చాడు, స్వతంత్ర భారతానికి ఒక మనిషి ఒంటరిగా తెచ్చిన మొదటి ఒలింపిక్ పతకం. ఆయన్ని పంపడానికి ఊళ్ళో చందాలు పోగేశారు, ఆయన చదివిన కొల్హాపూర్ కాలేజీ ప్రిన్సిపాల్ ఇల్లు తాకట్టు పెట్టాడు. అక్కడ జపాన్ వాడితో చాలాసేపు పోరాడి ఓడి, చెమట ఆరకముందే సోవియట్ వాడితో దిగమన్నారట. మధ్యలో అరగంట విశ్రాంతి ఇవ్వాలని రూలు. అడగడానికి మన అధికారి ఒక్కడూ పక్కన లేడంటారు. నీ పక్కన కూడా ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారనుకోకు. రిఫరీతో మాట్లాడేంత ఇంగ్లీషు నేర్చుకో.

మా ఆట వేరు. తాలీంలో, అంటే మేం కుస్తీ నేర్చుకునే చోట, మట్టి తవ్వి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా చేసేవాళ్ళం. వీపు నేలకు తాకితే "చిత్". మనం "చిత్తుగా ఓడాడు" అంటామే, ఆ చిత్తే. నీది మ్యాట్. మూడు నిమిషాలు, అర నిమిషం విరామం, మళ్ళీ మూడు నిమిషాలు. గీత అవతల కాలు పడినా ఎదుటివాడికి పాయింటు. పది పాయింట్ల తేడా వస్తే అక్కడితో ఆట సరి. కాళ్ళ మీదికి ఎలా దూకాలో, వంగినవాణ్ణి ఎలా తిప్పాలో నేను చెప్పబోను, నాకంటే బాగా చెప్పేవాళ్ళు అక్కడ ఉన్నారు.

ఓడితే మాత్రం బూట్లు విప్పకు. 2008 ఆగస్టులో, బీజింగ్ ఒలింపిక్స్ అప్పుడు, మా డిపో క్యాంటీన్‌లో టీవీ ముందు పదిమందిమి కూర్చున్నాం. సుశీల్ కుమార్ మొదటి ఆటలోనే ఉక్రెయిన్ వాడి చేతిలో ఓడాడు. "అయిపోయింది పా" అని అందరూ లేచి డ్యూటీకి పోయారు. నేను పోలేదు. సుశీల్‌ను ఓడించినవాడు ఫైనల్‌కి వెళితే మనవాడికి రెపెచేజ్‌లో ఇంకో దారి తెరుచుకుంటుంది. తెరుచుకుంది. వరసగా మూడు ఆటలు గెలిచి కాంస్యం పట్టాడు. జాదవ్ తర్వాత 56 ఏళ్ళకు వచ్చిన కుస్తీ పతకం అది. కంట్రోలర్ నా మీద కేకలేశాడు, రాసుకోమన్నాను. నాలుగేళ్ళకు లండన్లో యోగేశ్వర్ దత్ కూడా ఒక కన్ను వాచిపోయి మూసుకుపోతుంటే అదే దారిన వచ్చి కాంస్యం గెలిచాడు. సుశీల్‌కి అప్పుడు రజతం. మ్యాట్ బయట తర్వాత ఆయనకు చుట్టుకున్న కేసు కోర్టులో ఉంది, దాని జోలికి నేను పోను.

మగవాళ్ళ ఫ్రీస్టైల్‌లో మన దేశానికి ఇప్పటిదాకా వచ్చిన ఒలింపిక్ పతకాలు ఏడు. తెచ్చినవాళ్ళు ఆరుగురు. బంగారం ఒక్కటీ లేదు. ప్రపంచ చాంపియన్ అయినవాడూ ఒక్కడే, 2010లో మాస్కోలో ఇదే సుశీల్. జాదవ్‌ను పక్కన పెడితే మిగతా ఐదుగురూ ఢిల్లీ, హర్యానా పిల్లలు, ఐదుగురూ ఛత్రసాల్ స్టేడియంలో చెమటోడ్చినవాళ్ళు. అందుకే నువ్వు ఉత్తరాదికి పోతానంటే నేను అడ్డు చెప్పలేను. ఆ ఐదుగురిలో రవి దహియా వాళ్ళ నాయన కౌలుకు దున్నుకునే రైతు, రోజూ ఊరినుంచి పాలు, వెన్న మోసుకొచ్చి స్టేడియంలో కొడుక్కి ఇచ్చి పోయేవాడట. హైదరాబాద్ నుంచి నీకు పాలు మొయ్యడం మావల్ల కాదు. నెలనెలా బాదంపప్పుకి డబ్బులు పంపుతా, మీ నాయనకు చెప్పకు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ ఏడింటిలో మూడు 57 కిలోలవే. జాదవ్‌ది, టోక్యోలో రవి రజతం, పారిస్‌లో అమన్ సెహ్రావత్ కాంస్యం. 1967లో బిశంబర్ సింగ్‌కి ప్రపంచ పోటీల్లో వచ్చిన రజతమూ 57లోనే. నీ కళ్ళు ఎక్కడ పడ్డాయో నాకు తెలుసు. పారిస్‌లో అమన్ సెమీస్ అయ్యాక తూగితే 61.5 కిలోలు. తెల్లారేలోపు నాలుగున్నర కిలోల పైన దించి, ఆ రోజే పతకం పట్టాడు. ఆ వీడియో నువ్వు పదిసార్లు చూసి ఉంటావు. 2025 ప్రపంచ పోటీల్లో, జాగ్రెబ్‌లో అదే అమన్, అదే 57, తూకంలో 1.7 కిలోలు ఎక్కువొచ్చి ఒక్క ఆటా ఆడకుండా బయటికొచ్చాడు. అది ఎన్నిసార్లు చూశావు? పారిస్‌లో ఆ రాత్రి అతని పక్కన కోచ్‌లు నిద్రపోకుండా కూర్చున్నారు. అదే పారిస్‌లో వినేశ్ ఫోగట్ పక్కన కూడా మనుషులున్నారు, తూకంలో వంద గ్రాములు ఎక్కువై ఫైనల్ పోయింది. నీ పక్కన ఎవరుంటారు?

నా పక్కన మీ నాయన ఉన్నాడు. పదకొండేళ్ళవాడు.

1984. నాకు ఇరవై. రాష్ట్ర పోటీలు. నా బరువు 61, నేను ఆడాల్సింది 62లో. ఆ 62లో ఒకడున్నాడు, ఒకే ఢాక్ పట్టుతో నన్ను రెండుసార్లు వెల్లకిలా వేసినవాడు. రాత్రి కళ్ళు మూసుకుంటే వాడి చంక కింద నా తల కనిపించేది. అందుకే 57లో పేరిచ్చాను. ఉస్తాద్‌కి చెప్పలేదు. అందరితో "57లో నాకు బలం ఎక్కువుంటుంది" అన్నాను. నువ్వు మీ నాయనతో సరిగ్గా ఇదే మాట అన్నావట.

మూడు రోజులు అన్నం మానేశాను. ఆఖరి రాత్రికి ఇంకా కిలోన్నర మిగిలింది. తాలీం వెనక సందులో బేకరీ ఉండేది, బట్టీ గోడకు వీపు ఆనించి, రెయిన్‌కోటు మీద గొంగడి కప్పుకుని కూర్చున్నా. బుగ్గన చింతపండు పెట్టుకుని డబ్బాలోకి ఉమ్ముతూ ఉన్నా. కొంతసేపటికి చెమట ఆగింది, ఇంకొంతసేపటికి ఉమ్మి కూడా ఆగింది. నాలుక అంగిటికి అతుక్కుంటే వేలు పెట్టి ఊడదీసుకున్నా. మీ నాయన నీళ్ళ సీసా పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "ఎంత అడిగినా ఇవ్వొద్దు, అమ్మ మీద ఒట్టు" అని నేనే ముందుగా ఒట్టు వేయించుకున్నా. మూడు గంటలప్పుడు అడిగాను. ఇవ్వలేదు. తిట్టాను. ఏడ్చాను కూడా. వాడూ ఏడుస్తూ లేచి, ఇచ్చేస్తానేమోనన్న భయంతో సీసా మొత్తం మోరీలో వంపేశాడు. ఆ నీళ్ళ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది.

పొద్దున తూకంలో ముల్లు 57 మీద నిలబడింది. గెలిచేసినట్టు ఎగిరాను. బయటికొచ్చి చెంబెడు నీళ్ళు గటగటా తాగి, నాలుగు అరటిపళ్ళు మింగాను. బరిలోకి దిగి చెయ్యి కలిపానో లేదో రెండు పిక్కలూ రాళ్ళలా బిగుసుకుపోయాయి. అవతలివాడు పదిహేడేళ్ళ పిల్లాడు, వాడు గట్టిగా లాగలేదు కూడా. కాలు పట్టుకున్నాడు, నేను చెట్టులా పడ్డాను. కళ్ళు తెరిచేసరికి ఆసుపత్రి, చేతికి సెలైన్. ఒంటికి పోసింది కాఫీ డికాక్షన్ రంగులో వచ్చింది. కిడ్నీలు దక్కడం అదృష్టమన్నాడు డాక్టర్. మీ నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, మీ నాయన్ని కొట్టింది. అన్నకు నీళ్ళివ్వలేదని.

ఇంకో సంగతి చెప్పనా. 62లో నన్ను భయపెట్టినవాడు ఆ పోటీకి రానేలేదు. చెల్లెలి పెళ్ళట.

మీ ఇంట్లో ఏ గదిలో చూసినా నిండు నీళ్ళ సీసా ఒకటి ఎందుకుంటుందో ఎప్పుడైనా అడిగావా? నువ్వు 57 అంటే మీ నాయన అన్నం ముందు నుంచి లేచిపోయింది నీ కుస్తీ మీద కోపంతో కాదురా. ఆయన నోరు తెరిచి చెప్పడు. నేను కూడా నలభై ఏళ్ళు చెప్పలేదు.

నీ ఇబ్బంది నాకు తెలియక కాదు. ఒలింపిక్స్‌లో ఉన్నవి ఆరే బరువులు, 57 దాటితే 65. మధ్యలో ఎనిమిది కిలోల గొయ్యి, అందులో నువ్వు పడ్డావు. కానీ నీకు పద్దెనిమిదే. జూనియర్లలో 61 ఉంది, ప్రపంచ పోటీల్లో కూడా 61 ఉంది. ఒక కిలో అంటే రెండు వారాల్లో తిండి సర్దుకుంటే నిదానంగా దిగిపోతుంది. రెండేళ్ళు 61లో ఆడు, తిను, భుజాలు రానీ, 65కి ఎక్కు. బజరంగ్ పునియా మోకాలు దెబ్బతో టోక్యోలో కాంస్యం గెలిచింది 65లోనే. అక్కడ ఇరానోళ్ళు, రష్యావోళ్ళు, జపానోళ్ళు గట్టివాళ్ళు, నిజమే. వాళ్ళంటే భయమైతే భయమని చెప్పు, సిగ్గేం లేదు, కోచ్‌కి చెప్పు. బలం ఎక్కువుంటుందని మాత్రం చెప్పకు.

ఇప్పుడు తూకాలు ఆ రోజు పొద్దునే, రెండో రోజు మిగిలితే మళ్ళీ తూకం. ఒక్కసారి మోసం చేసి గట్టెక్కినా రెండోసారి కాటా ఊరుకోదు. అక్కడ ఎవరైనా రాత్రికి రాత్రి దించుకోమంటే నాకు ఫోన్ చెయ్యి. ఎన్ని గంటలైనా సరే, ఎత్తుతా. రిటైరైనవాడికి నిద్ర ఎక్కడిది.

బూట్లు మంచివి కొనుక్కో, ఈ కవర్లో డబ్బులు పెట్టాను. సెకండ్ హ్యాండువి కొంటే చీల్చేస్తా.

శనివారం తెల్లవారుజామునే నాంపల్లికి వస్తా, తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కించడానికి. మీ నాయన రానంటున్నాడు గానీ వస్తాడు, నాకు తెలుసు. కిటికీలోంచి నీళ్ళ సీసా అందిస్తాడు. బ్యాగులో పెట్టేయకు. రైలు కదలకముందే మూత తీసి, ఆయన చూస్తుండగా తాగు.

మీ పెద్దనాయన