కాలేజీ ఆటగాళ్లకి డబ్బులివ్వాలా? వాళ్లకి రెండేళ్లు పాఠాలు చెప్పినవాడిగా నా జవాబు

ప్రశ్న ఇదీ: అమెరికా యూనివర్సిటీల్లో ఆడే పిల్లలకి ఫీజు, రూము, తిండి అన్నీ ఉచితమే కదా, మళ్లీ డబ్బులెందుకు? పద్దెనిమిదేళ్లకే ప్రొఫెషనల్ లీగుల్లోకి పోనిస్తే చదువు పాడవదా?

డబ్బులివ్వాలి, వయసు అడ్డు తీసేయాలి. ఎందుకు ఇంత గట్టిగా అంటున్నానో చెప్తాను.

2013 ఆగస్టులో ఎమ్మెస్‌కి దక్షిణాది రాష్ట్రంలో ఒక పెద్ద యూనివర్సిటీకి వచ్చాను. నా అదృష్టం, మొదటి సెమిస్టర్‌లోనే అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో స్టాటిస్టిక్స్ ట్యూటర్ పని దొరికింది. ఎఫ్‌-1 వీసా మీద ఉన్నవాళ్లకి తెలుసు, సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకి మించి పని చేయకూడదు. టైమ్‌షీట్‌లో ఇరవై ఒకటో గంట పడుతుందేమోనని నేను ప్రతి వారం లెక్క చూసుకునేవాణ్ని. తర్వాత తెలిసింది, నా ఎదురుగా కూర్చునే అమెరికన్ ఫుట్‌బాల్ కుర్రాడికీ అదే లెక్కట. సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ఆటకి సంబంధించిన పని చేయించకూడదని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూలు. కానీ మ్యాచ్ రోజు ఎంతసేపైనా కాగితం మీద మూడు గంటలే. ప్రయాణం లెక్కలోకి రాదు, ఫిజియో దగ్గర గడిపే టైమ్ రాదు, ఎవరికి వారు 'ఇష్టపడి' చేసే కసరత్తు అసలే రాదు. వేరే ఊళ్లో శనివారం మ్యాచ్ ఉంటే శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి ఆదివారం తెల్లవారుజామున రెండింటికి దిగి, సోమవారం నా దగ్గరికి ప్రాబబిలిటీ చెప్పించుకోవడానికి వచ్చేవాడు. ఆ వారాంతం మొత్తానికి పడింది మూడు గంటలు.

ఒక రాత్రి తొమ్మిదిన్నరకి స్టడీ హాల్‌లో ఉన్నాం. ఆకలేస్తోందన్నాడు, డైనింగ్ హాల్ మూసేశారు. నా డబ్బాలో పులిహోర ఉంది, సగం పెడదామని మూత తీశాను. సూపర్‌వైజర్ చూసి పరుగున వచ్చి ఆపేసింది. ఉద్యోగంలో చేరేటప్పుడు నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది: ట్యూటర్లు ఆటగాళ్లకి కాఫీ కూడా ఇప్పించకూడదు, ఇస్తే అది అక్రమ లబ్ధి, అతను ఆడే అర్హతకే ముప్పు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, వేల మంది టికెట్ కొని చూసే మనిషి, నా పులిహోర వైపు చూసి తల దించుకున్నాడు. ఇంట్లో ఎవరైనా ఆకలి అంటే పెట్టకుండా ఉండటం నాకు తెలీదు, ఆ రాత్రి నేనూ తినలేకపోయాను. ఒకప్పుడైతే బేగెల్ రొట్టె ఇవ్వొచ్చు గానీ దాని మీద క్రీమ్ చీజ్ రాసి ఇవ్వకూడదని కూడా రూలుండేదట. 2014లో కనెక్టికట్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టుని గెలిపించిన షబాజ్ నేపియర్, కొన్ని రాత్రులు ఆకలితోనే పడుకుంటానని మీడియా ముందు చెప్పాడు. అది దేశమంతా పాకాక, ఆ ఏప్రిల్‌లోనే తిండి మీద పరిమితి ఎత్తేశారు.

అందుకే 'అన్నీ ఉచితమే కదా' అనే మాట నాకు మింగుడుపడదు. ఉచితం కాదు, పని చేసి తీసుకున్నదే. 'స్టూడెంట్ అథ్లెట్' అనే పేరు కూడా 1950ల్లో పుట్టింది, ఆటలో దెబ్బ తగిలినవాళ్లు ఉద్యోగుల్లా పరిహారం అడగకుండా.

ఇక వయసు. నా కుర్రాడికి 2014 సీజన్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిచే దాకా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగు ఎన్‌ఎఫ్‌ఎల్ ఎవర్నీ తీసుకోదు. అతనికి ఇంకో ఏడాది మిగిలి ఉంది. అతను అక్కడిదాకా వెళ్లేవాడో లేదో నేను చెప్పలేను, కానీ అడిగి చూసే వీలే లేకుండా పోయింది. సర్జరీ యూనివర్సిటీయే చేయించింది, అది ఒప్పుకోవాలి. తర్వాత కోచ్ మారాడు, ఏడాదికోసారి రెన్యూ చేసే స్కాలర్‌షిప్ ఆగిపోయింది, పది కోర్సులు మిగిలుండగా ఇంటికెళ్లిపోయాడు.

ఫుట్‌బాల్‌లో పద్దెనిమిదేళ్ల శరీరం ముప్పై ఏళ్లవాళ్ల మధ్య నలిగిపోతుందనే వాదనలో నిజముంది, కాదనను. కానీ ఈ రూలుని 2003లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఆటగాడు మారిస్ క్లారెట్ కోర్టులో సవాలు చేస్తే, 2004లో మొదట గెలిచి అప్పీల్‌లో ఓడిపోయాడు, ఓడింది శరీరం గురించిన వాదన మీద కాదు. లీగూ ఆటగాళ్ల యూనియనూ బేరమాడుకునే విషయం కాబట్టి పోటీ చట్టం ఇక్కడ వర్తించదన్నారు. అంటే లోపలున్నవాళ్లు కూర్చుని ఇంకా లోపలికి రాని పిల్లవాడి సంగతి తేల్చేశారు. బాస్కెట్‌బాల్‌కి ఆ శరీరం వాదన కూడా నిలవదు. కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా ఎన్‌బీఏకి వెళ్లినవాళ్లే. 2005 ఒప్పందంలో 19 ఏళ్లు నిండాలి, హైస్కూల్ అయ్యి ఏడాది గడవాలి అని పెట్టారు. దాంతో ఒక్క ఏడాది కాలేజీలో ఆడి వెళ్లిపోవడం మొదలైంది, చదువు బాగుపడిందీ లేదు. 2019లో డ్యూక్ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ మ్యాచ్ మొదటి నిమిషంలోనే వాళ్ల ఆటగాడు జయన్ విలియమ్సన్ షూ చిరిగి మోకాలు బెణికినప్పుడు, టీవీ ముందు నాకు మా కుర్రాడే గుర్తొచ్చాడు.

నాకు నచ్చింది బేస్‌బాల్ పద్ధతి. హైస్కూల్ అవగానే ప్రొఫెషనల్‌గా వెళ్లొచ్చు, నాలుగేళ్ల కాలేజీలో చేరితే మాత్రం మూడేళ్లో 21 ఏళ్లో నిండాలి. నేరుగా వెళ్లే చాలామంది, ఆట అయ్యాక కాలేజీ ఖర్చు క్లబ్బే భరించేలా కాంట్రాక్ట్‌లో రాయించుకుంటారు. చదువు పాడవుతుందని భయపడేవాళ్లు అడగాల్సింది ఇదీ, పిల్లవాణ్ని ఆపమని కాదు.

ఇప్పుడు పరిస్థితి మారింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోగలుగుతున్నారు. ఆటగాళ్లు వేసిన కేసులో కుదిరిన ఒప్పందం ప్రకారం, 2025 నుంచి దానికి ఒప్పుకున్న యూనివర్సిటీలే ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచొచ్చు, మొదటి ఏడాదికి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కీ మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కీ పోతుందనే బాధ నాకూ ఉంది.

మనవాళ్ల కోసం ఒక్క మాట. మన టెన్నిస్ ఆటగాడు సాకేత్ మైనేని అలబామా యూనివర్సిటీకి ఆడినట్టే మీ పిల్లలు కూడా టెన్నిస్ స్కాలర్‌షిప్ మీద రావొచ్చు. ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లకి ఈ ప్రకటనల డబ్బు పని కింద లెక్కకొచ్చి వీసాకే ముప్పు రావొచ్చు. ఇంటర్నేషనల్ ఆఫీసునీ లాయర్నీ అడక్కుండా దేనిమీదా సంతకం పెట్టనివ్వకండి.

ఆ ఒప్పందం కింద పాత ఆటగాళ్లకి చెల్లించాల్సిన 280 కోట్ల డాలర్లు 2016 నుంచి ఆడినవాళ్లకే. మా కుర్రాడు ఆడింది 2013, 14ల్లో. పోయినేడాది నాకు మెసేజ్ పెట్టాడు, మిగిలిన కోర్సులు ఆన్‌లైన్‌లో పూర్తి చేస్తున్నాడట, రిగ్రెషన్ అర్థం కావట్లేదు, ఒక గంట చెప్తారా అని. ఆదివారాలు చెప్తున్నాను. ఫీజు తనే కట్టుకుంటున్నాడు.