పురుగు బస్తాతోనే వస్తుంది

బ్రాడీపేట, గుంటూరు

చి. ల. సౌ. లలితకు పెద్దమ్మ ఆశీస్సులు.

ముందు ఆ బిళ్ళ సంగతి. బియ్యం బస్తాలో గుడ్డలో మూటకట్టి వేసుకోమని ఎవరో ఇచ్చారని రాశావే, అది అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలో తేమ తగిలితే చాలు, దాన్నుంచి ఫాస్ఫీన్ అనే విషవాయువు వస్తుంది. గోదాముల్లో శిక్షణ పొందినవాళ్ళు బస్తాలన్నిటి మీదా పట్టా కప్పి, అంచులు బిగించి, మనుషుల్ని దగ్గరికి రానివ్వకుండా రోజుల తరబడి మూసి వాడే మందు అది. తలుపులు వేసుకుని పడుకునే ఇంట్లో నిద్రలోనే ప్రాణాలు తీస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. డబ్బా మూత తియ్యలేదన్నావు కాబట్టి సరిపోయింది. తియ్యకు, నీళ్ళు తగలనివ్వకు, చెత్తబుట్టలో పడెయ్యకు. పిల్లలకు అందకుండా ఇంటి బయట, పొడిగా ఉండేచోట పెట్టి, ఇచ్చినవాళ్ళకే తిరిగి ఇచ్చెయ్యమని అల్లుడుగారితో చెప్పు. ఈ పని ఈ రోజే కావాలి.

మీ అత్తగారు బియ్యంలో కలిపే బోరిక్ పౌడరు కూడా మాన్పించు. మన వైపు చాలా ఇళ్ళల్లో ఏళ్ళ తరబడి నడిచిన పద్ధతే, ఆవిణ్ణి తప్పుపట్టడానికి లేదు. నెమ్మదిగా చెప్పు. కానీ అది బొద్దింకలకు పెట్టే మందు, తిండిలో కలిపేది కాదు. నాలుగుసార్లు కడిగినా అంతా పోయిందని ఎవరూ చెప్పలేరు. చంటిపిల్ల ఉన్న ఇంట్లో అసలే వద్దు.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. వంటిల్లు ఇంత శుభ్రంగా పెట్టుకున్నా పురుగు ఎక్కణ్ణుంచి వస్తోందని అడిగావు. ఎక్కణ్ణుంచో రావడం లేదమ్మా, నువ్వు కొన్న గింజలోపలే కూర్చుని వస్తోంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏది పనిచేస్తుందో, ఏది చెయ్యదో నీకే తెలిసిపోతుంది.

బియ్యంలో నల్లగా, ముందు తొండంలాంటి మూతి ఉండేది ముక్కుపురుగు. ఆడపురుగు ఆ మూతితో గింజకు చిన్న బెజ్జం చేసి, అందులో ఒక్క గుడ్డు పెట్టి, పైన జిగురుతో పూడ్చేస్తుంది. నీ కళ్ళకు అది నిక్షేపమైన గింజే. లోపల తెల్ల పురుగు గింజను తింటూ పెరిగి, మన వేడికి నాలుగైదు వారాల్లో రెక్కల పురుగై గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. ఒక్క పురుగు తన జీవితకాలంలో మూడు వందల దాకా గుడ్లు పెడుతుంది. అందుకే జూన్‌లో తెచ్చిన శుభ్రమైన బస్తా జులై చివరికి కదులుతుంది. దుకాణదారు మోసం చేశాడనుకోవద్దు, అతనికీ కనపడి ఉండదు.

పెసలు, అలసందలు, శనగలు, కందుల్లాంటి గుండు గింజలది వేరే పురుగు. పెసల్ని తెల్ల పళ్ళెంలో పోసి, గింజ మీద తెల్ల చుక్క అంటుకుని ఉందేమో వెలుతురులో చూడు. గోటితో గీకినా సులువుగా ఊడి రాదు. అది గుడ్డు. దాని కిందనుంచే పిల్ల లోపలికి తొలుచుకుపోతుంది. ఈ పురుగు చేలో కాయ మీదే మొదలవుతుంది. మన డెల్టాలో వరి కోశాక మాగాణిలో చల్లే మినుము, పెసర ఫిబ్రవరి, మార్చిలో ఇంటికొస్తాయి కదా, ఎండాకాలం దాటేసరికి గింజకో గుండ్రటి కన్నం పడేది అందుకే. పప్పుగా విరిచాక ఈ పురుగు అంతగా పట్టదు. కాబట్టి గుండు గింజలు నెలకు సరిపడా మాత్రమే కొనుక్కుని, నిల్వ పెట్టేదేదో పప్పు రూపంలో పెట్టుకో.

మరి కందిపప్పులో, గోధుమపిండిలో తిరిగే సన్నటి ఎర్ర పురుగేమిటంటావా? అది పిండిపురుగు. గట్టి గింజను తొలచలేదు, విరిగిన ముక్కల్నీ నుసినీ తిని బతుకుతుంది. అందుకే పప్పు తేగానే జల్లెడ పట్టి నుసి తీసెయ్యడం సగం మందు. ఇది ఎక్కువైన పిండి ముక్కవాసన కొట్టి కాస్త గులాబి రంగుకు తిరుగుతుంది. ఆ పిండి జల్లించి వాడొద్దు, పారెయ్. రవ్వలో, జొన్నపిండిలో దారాలు దారాలుగా గూడు కట్టి ముద్దలైతే అది చిలుక పురుగు. రాత్రిపూట వంటింట్లో లైటు చుట్టూ తిరిగే బూడిదరంగు చిన్న రెక్కల పురుగే దాని తల్లి.

ముందు ఒక పూట కేటాయించి అలమర మొత్తం దించు. ఒక్కో డబ్బా తెల్లగుడ్డ మీద కుమ్మరించి చూడు. పురుగు ఎక్కువున్నది ఒకటో రెండో ఉంటాయి, మిగతావాటికి అక్కణ్ణుంచే పాకింది. సాధారణంగా అది అందరూ మర్చిపోయిన పొట్లం అవుతుంది: పండక్కి తెచ్చి మిగిలిన శనగపిండి, చంటిపిల్లకి తెచ్చిన రాగిపిండి, వెనక్కి పోయిన సగ్గుబియ్యం. దాన్ని కవరులో మూటగట్టి అప్పుడే ఇల్లు దాటించు. అలమర మూలలు, మేకుల బెజ్జాలు, డబ్బా మూతల మరలు, రబ్బరు వాచరు వెనక సందు, ఇవన్నీ పాత టూత్‌బ్రష్‌తో గీకి, వ్యాక్యూమ్ క్లీనరు ఉంటే దాంతో లాగు. తడిగుడ్డ వాడితే పూర్తిగా ఆరేదాకా ఏదీ సర్దకు. చెక్క బీటల్లో తెల్ల సిమెంటు పూడ్చు. అరల్లో న్యూస్‌పేపరు పరవొద్దు, దాని మడతల కిందే నుసి చేరుతుంది. దోమల స్ప్రే, బొద్దింకల స్ప్రే ఆ అలమరలో కొట్టొద్దు.

డబ్బాల విషయంలో ఒక పరీక్ష చెయ్. గ్లాసుడు నీళ్ళు పోసి, మూత బిగించి, సింకులో ఒక నిమిషం తలకిందులుగా పట్టుకో. చుక్క కారితే పురుగు పిల్లకు దారి ఉన్నట్టే. పెళ్ళిలో పెట్టిన స్టీలు డబ్బాలు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి. వాటిలో రెండు వారాల్లో అయిపోయేవి పోసుకో. నిల్వకు మర మూత, రబ్బరు వాచరు ఉన్నవే వాడు. గింజను నిండుగా, మూతకు అంటేదాకా నింపాలి. గాలి తక్కువుంటే లోపల ఒకటీ అరా పురుగు ఉన్నా ఉన్న ప్రాణవాయువు వాడేసుకుని చస్తుంది, గుడ్లు పెట్టే ఓపిక ఉండదు. సగం నిండిన డబ్బాలో ఆ లాభం లేదు, రోజూ మూత తీసే డబ్బాలోనూ లేదు.

అందుకని 26 కిలోల బస్తా తెచ్చినరోజే పంచెయ్. పది లీటర్ల డబ్బాలో సుమారు ఎనిమిది కిలోల బియ్యం పడతాయి. మూడు డబ్బాలు నింపి కదపకుండా పెట్టు, మిగిలినవి రోజువారీ డబ్బాలో పొయ్యి. ఒకటి అయ్యాక ఇంకొకటి తియ్యాలి. పాత బియ్యం అడుగున ఉండగా కొత్తవి మీద పోసే అలవాటు పూర్తిగా మానెయ్. ఆ అడుగు గుప్పెడే కొత్త బస్తా మొత్తానికి అంటిస్తుంది. మీ ఇద్దరికీ పెద్దవాళ్ళకీ నెలకు ఒక బస్తా సరిపోతుంది, చవగ్గా వస్తున్నాయని రెండు దించుకోవద్దు. దంపుడు బియ్యమైతే రెండు కిలోలు మించి వద్దు. పైన తవుడు ఉంటుంది, పురుగుకీ ఇష్టం, ముక్కవాసనా త్వరగా వస్తుంది.

పురుగు పట్టిన బియ్యాన్ని ఎండలో పొయ్యమని నీకు చాలామంది చెప్పి ఉంటారు. పొయ్యొద్దు. మన బాపట్ల 5204 లాంటి సన్నగింజ ఎండకు లోపల బీటలు పడి, వండితే నూకన్నం అవుతుంది. నీడలో పల్చగా పరిచి ఫ్యాను వేస్తే పెద్ద పురుగులు వాటంతట అవే లేచిపోతాయి. తర్వాత చేటతో చెరిగి, జల్లించి, ఆ బియ్యాన్నే ముందుగా వండుకుని అవగొట్టు. కడిగేటప్పుడు తేలిన గింజలు తీసెయ్, అవి గుల్లలు. ఆ అన్నం తింటే ఏమీ కాదు. బూజు వాసన కొట్టే గింజను మాత్రం, బియ్యమైనా పప్పైనా, కడిగి వాడుకుందామనుకోకు. బూజు విషం కడిగితే పోదు, ఉడికితే పోదు.

పప్పులకు ఎండ మంచిదే, కానీ నులకమంచం మీద గుడ్డ పరిచి పోస్తే పురుగు నీడలోకి నడిచిపోతుంది, గుడ్లు అలాగే ఉంటాయి. మేడ మీద నల్ల పట్టా పరిచి, వేలి మందం మించకుండా పోసి, పైన పారదర్శకంగా ఉండే పాలిథిన్ కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టు. ఏప్రిల్, మే ఎండలో పదకొండు నుంచి మూడు దాకా ఉంచితే లోపల వేడి 55, 60 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడి గంట నిలిస్తే గుడ్డూ పిల్లా పెద్దా అన్నీ చస్తాయి. గుప్పిట పట్టలేనంత వేడెక్కిందో లేదో చేత్తో చూసుకో. సాయంత్రం పూర్తిగా చల్లారాకే డబ్బాకు ఎత్తు. వేడిగా ఎత్తితే మూత లోపల చెమట పట్టి బూజు వస్తుంది.

ఆ తర్వాత ఆముదం. కిలో కందిపప్పుకు ఒక చిన్న చెంచా, అంటే 5 మిల్లీలీటర్లు చాలు. మంచి గానుగ ఆముదమే కావాలి. చేతికి రాసుకుని పప్పును రెండు చేతులా రుద్దుతూ ప్రతి గింజా మెరిసేదాకా పట్టించు. ఆ పొర గుడ్డుకు గాలి అందనివ్వదు, గుడ్డు అంటుకోవడానికీ పట్టు ఉండదు. మన పెద్దవాళ్ళు చేసిన పనుల్లో నేను గట్టిగా నమ్మేది ఇది. చెంచా అనగానే గరిటెడు పొయ్యకు, పప్పు జిడ్డుగా ముద్దకట్టి ముక్కవాసన వస్తుంది. వండేముందు గోరువెచ్చటి నీళ్ళతో కడిగితే వాసన పోతుంది. గుండు పెసలకూ మినుములకూ నువ్వులనూనె అదే కొలతలో పట్టించొచ్చు.

ఎండ లేని కాలంలో ఫ్రీజరే మేలు. పెసలు, రవ్వ, శనగపిండి, మైదా, జీడిపప్పు, ఏదైనా కిలో, అరకిలో పొట్లాలు గాలి చొరకుండా కట్టి వారం రోజులు ఫ్రీజర్లో ఉంచు. నాలుగు రోజులు చాలనే మాట సున్నాకు 18 డిగ్రీలు దిగువకు వెళ్ళే ఫ్రీజరుకు. ఒంటి తలుపు ఫ్రిజ్జుల్లో అంత చలి రాదు, అందుకే వారం. బయటికి తీశాక ఆ రాత్రంతా పొట్లం విప్పొద్దు. చల్లటి పిండికి మన గాలి తగిలితే నీరు పడుతుంది. బొంబాయి రవ్వను సన్నసెగ మీద ఐదారు నిమిషాలు, రంగు మారకుండా వేయించి చల్లార్చి పోసుకుంటే ఫ్రీజరు అక్కర్లేదు.

కారం, ధనియాలు, పసుపు కొమ్ముల్లో వచ్చేది గూనివీపు గోధుమరంగు పురుగు. పొగాకు గోదాముల్ని పీడించేదీ ఇదే. కారం ఘాటుకు పురుగు రాదనుకోవడం భ్రమ. మార్చి, ఏప్రిల్‌లో ఏడాదికి సరిపడా కారం కొట్టించేటప్పుడు మిరపకాయ విరిస్తే టక్కున విరిగేంత ఎండాలి. వాడకానికి అరకిలో బయట ఉంచి, మిగతాది అరకిలో పొట్లాలుగా ఫ్రిజ్జులో పెట్టు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి నెలల తరబడి నిలిచేది చలివల్లే. చింతపండును గింజ, పీచు, పెంకు తీసి, ఉప్పు చల్లి, జాడీలో నొక్కి పెట్టు. పురుగు గింజలోనే ఉంటుంది.

వేపాకు, లవంగాలు, ఎండుమిర్చి వెయ్యాలా అని అడిగావు. నీడలో గలగలలాడేలా ఎండిన వేపాకు వేస్తే పెద్ద పురుగులు కాస్త దూరంగా ఉండొచ్చు, గింజలోపలున్న పిల్లను అది ఏమీ చెయ్యదు. పచ్చి ఆకు వేస్తే తేమ చేరి బూజు వస్తుంది. వేసుకుంటే వేసుకో, దాన్నే నమ్ముకుని డబ్బా వదిలెయ్యకు.

విజయవాడలో మీ సింగ్‌నగర్ ఇంటికి ఇంకొకటి చెప్పాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నీళ్ళలో నిలిచిన గోడలున్నచోట కింది అరలు చెమ్మ లాగుతాయి. డబ్బాల్ని గోడకు జానెడు ఎడంగా, నేలకు ఎత్తుగా చెక్కబల్ల మీద పెట్టు. పొయ్యి పక్కన, సింకు కింద వద్దు. వానాకాలంలో రవ్వలో తెల్లటి దుమ్ములా కదిలే సన్నటి పురుగులు కనిపిస్తే అది చెమ్మ గుర్తు. అవి సన్నటి బూజు తిని బతుకుతాయి. డబ్బా ఆరబెట్టి, చోటు మార్చితే పోతాయి.

ఇదంతా చేశాక, ఐదు వారాల తర్వాతి ఆదివారం క్యాలెండరులో గుర్తు పెట్టుకో. గింజలోపల దాగినవి అప్పటికి బయటపడతాయి. ఆ రోజు ప్రతి డబ్బా అడుగునుంచి గుప్పెడు తీసి తెల్ల పళ్ళెంలో పోసి చూడు, పైన చూస్తే తెలియదు. ఒక్క డబ్బాలో కనిపిస్తే ఆ డబ్బా వరకే ఫ్రీజరుకో ఎండకో పంపు. రెండు మూడింట్లో కనిపిస్తే పురుగుకు మూలం ఇంకా ఇంట్లోనే ఉన్నట్టు. అప్పుడు అటక మీది గోనెసంచులూ, దేవుడి గదిలో వ్రతానికి తెచ్చి మిగిలిన బియ్యమూ, చంటిదాని బొమ్మల్లో గింజలు పోసి కుట్టినవేమైనా ఉంటే అవీ వెతుకు.

అత్తగారిని, మామగారిని అడిగానని చెప్పు. చంటిదానికి ముద్దులు.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ