పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌ ఫొటోలు: మేనకోడలికి మామయ్య ఉత్తరం

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

హమ్మింగ్‌బర్డ్ ఫొటోలకు ఏ లెన్సు కొనమంటారు అని అడిగావు. చెబుతాను. కానీ దానికంటే ముందు చూసుకోవలసినవి మీ పెరట్లో చాలా ఉన్నాయి. ఈ విషయంలో కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఇల్లు దొరకడం నీ అదృష్టం. అమెరికా తూర్పు రాష్ట్రాల వాళ్లకు రూబీ త్రోటెడ్ హమ్మింగ్‌బర్డ్ వేసవి చుట్టం. చలి మొదలయ్యేసరికి మెక్సికో, మధ్య అమెరికా దారి పడుతుంది. మీ దగ్గర తిరిగే అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ ఏడాది పొడుగునా ఉంటుంది. కాబట్టి తొందరేమీ లేదు. ఈ వారం కెమెరా సంచిలోనే ఉండనీ.

ముందు ఒక కుర్చీ వేసుకుని కూర్చుని చూడు. మన ఊళ్లో మందార కొమ్మ మీద వాలి తేనె తాగే తేనెపిట్టను నువ్వు చూసే ఉంటావు. దానికీ దీనికీ చుట్టరికం లేదు. హమ్మింగ్‌బర్డ్ జాతులన్నీ అమెరికా ఖండాలవే. తేనెపిట్ట చాలావరకు కొమ్మను పట్టుకుని తాగుతుంది, ఇది గాలిలో నిలబడి తాగుతుంది. కాసేపు ఓపిక పడితే దీనికీ ఒక పద్ధతి ఉందని తెలుస్తుంది. మగపిట్టకు తనదంటూ ఒక కొమ్మ చివర ఉంటుంది, అదీ ఆకుల్లేని ఎండు పుల్ల. అక్కడ కూర్చుని తన పూలను కాపలా కాస్తుంది. ఇంకో పిట్ట వస్తే తరిమికొట్టి మళ్లీ అదే పుల్ల మీదికి వస్తుంది. ఆ పుల్ల ఎక్కడుందో కనిపెట్టావంటే సగం పని అయినట్టే.

ఇంకొకటి కూడా గమనించు. సాల్వియా మొక్క పూల కంకి దగ్గరికి వచ్చినప్పుడు ముక్కు పువ్వులో పెడుతుంది, తాగుతుంది, ఆ తర్వాత బెత్తెడు వెనక్కి జరిగి ఒక్క క్షణం గాలిలో ఆగుతుంది. ఆ పైనే పక్క పువ్వుకు వెళుతుంది. చాలామంది ముక్కు పువ్వులో ఉన్నప్పుడు మీట నొక్కుతారు. అప్పుడు ముక్కు కనపడదు, తల సగం పువ్వు చాటున ఉంటుంది. వెనక్కి జరిగిన ఆ క్షణంలో పిట్ట మొత్తం కనిపిస్తుంది, కన్ను తేటగా ఉంటుంది. ఒక్కోసారి ముక్కు చివర సన్నటి నాలుక కూడా బయటికి వచ్చి ఉంటుంది. నేను దాచుకున్న మంచి ఫొటోలన్నీ ఆ వెనకడుగులో దొరికినవే.

ఫీడర్, అంటే పిట్టలకు పంచదార నీళ్లు పోసి వేలాడదీసే డబ్బా, పెట్టమంటావా అంటే, పెట్టు. కానీ ఫొటో మాత్రం పువ్వు దగ్గరే తియ్యి. ఎర్ర ప్లాస్టిక్ పక్కన పిట్ట ఎంత అందంగా ఉన్నా నాకు మనసొప్పదు. మెక్సికన్ సేజ్, హాట్ లిప్స్ సాల్వియా, కాలిఫోర్నియా ఫ్యూషియా మూడూ మీ ఎండకు తట్టుకునేవే. ఒకటి రెండు కుండీల్లో పెంచితే నీకు కావలసిన చోటికి జరుపుకోవచ్చు. నర్సరీలో కొనేటప్పుడు పురుగుమందు కొట్టిన మొక్కలా అని తప్పకుండా అడుగు. కొన్ని మందులు మొక్క లోపలికంతా ఇంకిపోయి తేనెలో కూడా ఉంటాయి.

ఫీడర్‌లోకి ఒక గ్లాసు తెల్ల పంచదారకు నాలుగు గ్లాసుల నీళ్లు, అంతే. బెల్లం ఆరోగ్యమని మీ అమ్మమ్మ నీకు నేర్పింది, అది మనుషులకు. ఈ పిట్టకు బెల్లంలోని ఇనుము చేటు చేస్తుంది. తేనెటీగల తేనె వేస్తే బూజు పడుతుంది. ఎర్ర రంగు కలపనే వద్దు. శాక్రమెంటో ఎండలు నీకు తెలియనివి కావు, ఆ రోజుల్లో నీళ్లు రోజూ మార్చు, ఫీడర్ లోపల బ్రష్ పెట్టి తోము. అంత ఓపిక లేని వారాల్లో ఫీడర్ దించేసి పూలకే వదిలెయ్యడం మేలు.

ఇక వెలుతురు. మగపిట్ట గొంతు మీద గులాబీ ఎరుపు చూసి మురిసిపోయావు కదా, ఫొటోలో అది నల్లగా వచ్చిందని బాధపడ్డావు. కెమెరా తప్పు కాదు. ఆ ఈకల మెరుపు రంగు పదార్థం వల్ల వచ్చింది కాదు. ఈకలోని సన్నటి పొరల మీద పడిన వెలుగు వెనక్కి తిరిగినప్పుడు పుట్టే రంగు అది. నెమలికంఠం పట్టుచీర కోణం మారితే రంగు మారినట్టే, పిట్ట తల కాస్త తిప్పితే గొంతు నల్లబడుతుంది, ఇంకాస్త తిప్పితే నిప్పులా వెలుగుతుంది. అందుకే సూర్యుడు నీ వీపు వైపు ఉండాలి, పిట్ట నీ వైపు చూడాలి. పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ దీనికి బాగుంటుంది. ఆ ఎండుపుల్ల నీకు తెలిసి ఉంటే, పొద్దు ఏ వేళ దాని మీద సరిగ్గా పడుతుందో చూసి అప్పుడే కూర్చో.

అమెరికా పెరళ్లన్నిటికీ ఉన్న చిక్కు కొయ్య కంచె. పువ్వు వెనకే కంచె ఉంటే పలకలన్నీ ఫొటోలో కనిపించి పిట్టను మింగేస్తాయి. కుండీని కంచెకు నాలుగైదు మీటర్లు ముందుకు లాగు. వెనక ఆకుపచ్చ పొద వచ్చేలా నువ్వు కూర్చునే చోటు ఎంచుకో.

లెన్సు మాటకొస్తే, 300 నుంచి 400 మిల్లీమీటర్లు చాలు. పిట్ట పొడవు పది సెంటీమీటర్లే కనుక నువ్వు మూడు మీటర్ల లోపే ఉంటావు. అంత దగ్గర్లో ఫోకస్ పట్టే లెన్సా కాదా అన్నది కొనేముందు చూసుకో. ఖరీదు కంటే ఇది ముఖ్యం. కొమ్మ మీద కూర్చున్న పిట్టకు సెకనులో 250వ వంతు షట్టర్ స్పీడు సరిపోతుంది. ఎగురుతున్నప్పుడు ఇది సెకనుకు సుమారు 40 నుంచి 50 సార్లు రెక్కలాడిస్తుంది. రెక్క ఆగినట్టు కనిపించాలంటే 4000వ వంతు దాకా వెళ్లాలి, అంటే ఎండ బాగా ఉండాలి. నేనైతే 1000, 1600 మధ్య తీస్తాను. ఒళ్లు, కన్ను స్పష్టంగా ఉండి రెక్కలు పల్చగా కదిలినట్టుంటే అది నాకు బతికున్న పిట్ట. ఐఎస్‌ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెరిగి ఫొటోలో గరుకు వచ్చినా ఫరవాలేదు. చాలా కెమెరాల్లో ఎలక్ట్రానిక్ షట్టర్ చిత్రాన్ని వరసవరసగా చదువుతుంది, దాంతో రెక్కలు వంకర తిరుగుతాయి. మెకానికల్ షట్టర్ వాడు.

ఫ్లాషులు కొనమని మీ స్నేహితులు అంటున్నారని రాశావు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో ఇంజనీరు హెరాల్డ్ ఎడ్జర్టన్ రెప్పపాటులో మెరిసి ఆరే తన స్ట్రోబ్ దీపాలతో హమ్మింగ్‌బర్డ్ రెక్కలను ఆపి చూపించినప్పుడు లోకం ఆశ్చర్యపోయింది, అది సైన్సుకు గొప్ప సేవ. నీ పెరటికి మాత్రం మూడు నాలుగు ఫ్లాషులు, వెనక అట్టలు నేను వద్దంటాను. పువ్వు చుట్టూ అంత సరంజామా పెడితే పిట్ట తన పద్ధతి మార్చుకుంటుంది. నువ్వు చూడాలనుకున్నది ఆ పద్ధతినే కదా.

చలి రాత్రుల్లో ఈ పిట్ట ఒంటి వేడిని బాగా తగ్గించుకుని దాదాపు మొద్దు నిద్రలో గడుపుతుంది. తెల్లవారగానే దానికి మొదటి అవసరం తిండి. ఆ మొదటి అరగంట పూల దగ్గరికి వెళ్లకు. నీ ఫొటో కోసం అది ఆకలితో వెనక్కి పోకూడదు.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది గూడు గురించి. ఆడపిట్ట ఒక్కతే సాలెగూడు దారాలతో, నాచుతో సగం వాల్‌నట్ చిప్పంత గూడు కట్టి రెండు గుడ్లు పెడుతుంది, పిల్లలను ఒక్కతే సాకుతుంది. కనిపించిందని దగ్గరికి వెళ్లకు, అడ్డుగా ఉందని ఆకు కొమ్మ విరవకు. ఆ ఆకే ఎండ నుంచీ కాకుల నుంచీ దాని పిల్లలను కాపాడుతోంది. 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం ఈ పిట్టకూ వర్తిస్తుంది, గుడ్లూ పిల్లలూ ఉన్న గూటి జోలికి పోవద్దంటుంది. చలికాలంలో మొక్కలు కత్తిరించేవాళ్లు వచ్చే ముందు ప్రతి కొమ్మా నువ్వే స్వయంగా వెతికి చూడు. గూడుంటే ఆ చెట్టును వదిలెయ్యమని చెప్పు. గుడ్డు నుంచి బయటికి వచ్చాక పిల్లలు సుమారు మూడు వారాల్లో ఎగిరిపోతాయి, కొమ్మలు ఆ తర్వాత కత్తిరించుకోవచ్చు.

నెల రోజులయ్యాక ఫొటోలు పంపు. బాగా వచ్చినవి ఏరి పంపకు, మసకబారినవి కూడా కలిపి పంపితే ఎక్కడ సరిదిద్దాలో చెబుతాను. ఆ ఎండుపుల్ల ఏ చెట్టుదో, ఏ వైపున ఉందో కూడా రాయి. అమ్మకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మామయ్య