బ్రిటన్‌లో 1833 ఫ్యాక్టరీ చట్టం బాలకార్మికులను పూర్తిగా నిషేధించిందా?

లేదు, బట్టల మిల్లుల్లో 9 ఏళ్లలోపు పిల్లలను పెట్టుకోకూడదంది (పట్టు మిల్లులకు అదీ వర్తించలేదు), 9 నుంచి 13 ఏళ్ల లోపువాళ్లకు వారానికి 48 గంటల హద్దు పెట్టింది.

పూర్తిగా ఆపకపోవడానికి కారణం డబ్బే. పిల్లలకిచ్చే కూలి పెద్దవాళ్ల కూలిలో చిన్న వంతు; ఆ కాస్తా రాకపోతే చాలా ఇళ్లు గడవవు. పైగా చిన్న ఒళ్లు యంత్రాల కింద దూరుతుంది. నూలు వడికే యంత్రం నడుస్తుండగానే దాని కిందికి పాకి, రాలిన దూది ఏరాలి. తల కాస్త ఎత్తితే గాయమే. అంతకుముందు ఇలాంటివే 1802, 1819 చట్టాలు తనిఖీ సరిగ్గా లేక కాగితాల మీదే మిగిలాయి. 1833లో ఇన్‌స్పెక్టర్లను పెట్టారు గానీ, మొదట్లో వాళ్లు నలుగురే.

చాలామంది అనుకున్నట్టు పిల్లల చేత పని చేయించడం ఫ్యాక్టరీలతో మొదలవలేదు. పొలాల్లో, ఇంటి మగ్గాల దగ్గర అప్పటికే చేసేవాళ్లు. ఫ్యాక్టరీ వచ్చాక యంత్రం వేగానికి తగ్గట్టు, గంటల తరబడి, పరాయివాళ్ల అజమాయిషీలో చేయాల్సి వచ్చింది.